క్యాబిన్ ఎంత, బాడీ ఎంత: బరువు పికప్ కొనే ముందు వేసుకోవలసిన లెక్కలు

విజయవాడ ఆటోనగర్‌లో బాడీలు, అంటే సరుకు వేసే వెనుక తొట్లు, కట్టే షెడ్ల దగ్గర ఒక పూట కూర్చుంటే, కొని మూడు నెలలైనా నిండని పికప్‌ను డాలాలు (బాడీ పక్క గోడలు) పెంచడానికో, వెనుక ఒక అడుగు పొడిగించడానికో తీసుకొచ్చే యజమానులు ఒకరిద్దరైనా తారసపడతారు. బండిలో లోపం ఉండదు. కొనేటప్పుడు ఇంజను శక్తి, మైలేజీ, నెల వాయిదా, వీటన్నిటి గురించీ అడిగినవారు, తమ సరుకు ఆ బండిలో ఎలా పడుకుంటుందో మాత్రం అడగలేదు. గుంటూరులో మా కుటుంబానికి ప్లైవుడ్, పైపుల వ్యాపారం ఉంది. మొదటి బండి విషయంలో నేనూ అలాగే మోసపోయాను కనుక, రెండో బండి కొనేటప్పుడు వేసుకున్న లెక్కలను వరుసగా ఇక్కడ రాస్తున్నాను. ఈ లెక్కల క్రమం ముఖ్యం: ముందు సరుకు, తరువాత బాడీ పొడవు, ఆ తరువాత బరువు, చివరికి క్యాబిన్. షోరూములో సంభాషణ సరిగ్గా దీనికి తలకిందులుగా, క్యాబిన్‌తో మొదలవుతుంది.

ఒకే చాసిస్, ఇద్దరు వాటాదారులు

పికప్‌లలో క్యాబిన్ స్థూలంగా మూడు రకాలు. ఒకే వరుస సీట్లున్నది సింగిల్ క్యాబ్. సీటు వెనుక సామాను పెట్టుకోవడానికో, ముడుచుకొని కూర్చోవడానికో కాస్త చోటున్నది ఎక్స్‌టెండెడ్ క్యాబ్. రెండు వరుసల సీట్లు, నాలుగు తలుపులు ఉన్నది డబుల్ క్యాబ్, దీన్నే క్రూ క్యాబ్ అని కూడా అంటారు. మన వైపు సరుకు రవాణాలో కనిపించేవి మొదటిదీ మూడోదీ మాత్రమే, కాబట్టి నడిమి రకాన్ని పక్కన పెట్టవచ్చు.

అమెరికాలో ఫోర్డ్ ఎఫ్-250 వంటి బరువు పికప్ కొనేవారు నాలుగు తలుపుల క్యాబిన్‌నూ, 8 అడుగుల బాడీనీ రెండింటినీ ఒకే బండిలో తీసుకోగలరు. అందుకు వాళ్ళు చెల్లించే మూల్యం పొడవు: ఆ బండి ముక్కు నుంచి తోక వరకు 22 అడుగులు ఉంటుంది. అంత బండిని బ్రాడీపేట అడ్డరోడ్డులో మలుపు తిప్పడం అటుంచి, నిలపడానికే చోటు దొరకదు. మన దగ్గర దొరికే పికప్‌లలో చాసిస్ (క్యాబిన్, బాడీ రెండూ కూర్చునే చట్రం) పొడవుకు ఒక హద్దు ఉంది కనుక, క్యాబిన్‌కు ఇచ్చిన ప్రతి అడుగూ బాడీ నుంచి కోసి ఇచ్చినదే. డబుల్ క్యాబ్ పికప్‌లలో వెనుక బాడీ సుమారు 5 అడుగులకు కుదించుకుపోతుంది. అదే సింగిల్ క్యాబ్‌లో, మహీంద్రా బొలెరో మ్యాక్స్ పికప్ హెచ్‌డీ శ్రేణిలోని పెద్ద బండికి 3050 మిల్లీమీటర్ల (సుమారు 10 అడుగుల) బాడీ, 2 టన్నుల పాసింగ్ (మోయడానికి అనుమతి ఉన్న బరువు) వస్తున్నాయి. టాటా యోధా 2.0 కూడా 2 టన్నుల బండే. ఇంట్రా వి50 టన్నున్నర మోస్తుంది. అశోక్ లేలాండ్ బడా దోస్త్ ఈ వర్గంలోనే పోటీపడుతుంది. మన రాష్ట్రంలోని శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు డీ-మ్యాక్స్ ఒక్క వరుస సీట్లతోనూ, రెండు వరుసలతోనూ దొరుకుతుంది. ఏ కంపెనీ మేలు అన్న చర్చ ఈ వ్యాసం పని కాదు.

మొదట సరుకును కొలవండి

ఒక నోటు పుస్తకం తీసుకుని, గడచిన నెల రోజుల్లో మీరు పంపిన లోడ్లన్నిటికీ మూడు అంకెలు రాయండి: అన్నిటికంటే పొడుగు వస్తువు పొడవు, ట్రిప్పు మొత్తం బరువు, ఆ సరుకు పేర్చితే అయ్యే ఎత్తు. నెలకొకసారి వచ్చే పెద్ద లోడును చూసి బండి కొనకండి. దానికి బయట బండి కిరాయికి పిలవడమే చవక. పదింటిలో ఎనిమిది ట్రిప్పులు ఎలా ఉన్నాయో వాటికి సరిపడే బండి కొనాలి.

ఈ మూడు అంకెలు చూడగానే మీ సరుకు ఏ జాతిదో తేలిపోతుంది. కొన్ని సరుకులకు చోటు మిగిలి ఉండగానే బరువు అయిపోతుంది, కొన్నిటికి బరువు మిగిలి ఉండగానే చోటు అయిపోతుంది. సిమెంటు మొదటి జాతి. 50 కిలోల బస్తా సుమారు 35 లీటర్ల చోటు ఆక్రమిస్తుంది. 40 బస్తాలు వేస్తే 2 టన్నులు అవుతాయి, అయినా 3050 పొడవు, 1700 వెడల్పు ఉన్న బాడీలో ఆ బస్తాలను సమంగా పరిస్తే ఎత్తు అడుగు కూడా రాదు. ఇలాంటి సరుకుకు పొడవాటి బాడీ దండగ మాత్రమే కాదు, ప్రమాదం కూడా. ఖాళీ కనబడుతోంది కదా అని మరో పది బస్తాలు పడేయమనే హమాలీ ప్రతి గోడౌనులోనూ ఒకడుంటాడు.

మిరపకాయ రెండో జాతి. గుంటూరు యార్డుకు వచ్చే టిక్కీ (మిరప బస్తా) దాదాపు 40 కిలోల పైమాటగా ఉంటుంది, కానీ తొక్కి కుట్టినా అది మంచం మీద పరుపులా చోటు తింటుంది. మీరు కొలిచిన టిక్కీ 3 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, అడుగుంబావు మందం వచ్చిందనుకోండి. ఐదున్నర అడుగుల వెడల్పున్న బాడీలో ఒక టిక్కీని నిలువుగా, దాని పక్కన ఇంకొకదాన్ని అడ్డంగా వేస్తూ పోతే, 8 అడుగుల పొడవులో ఒక దొంతరకు 6 పడతాయి, 10 అడుగుల పొడవులో 8 పడతాయి. 1300 కిలోలకు 32 టిక్కీలు వేయాలంటే, పొడుగు బాడీలో సరిగ్గా నాలుగు దొంతరలతో, 5 అడుగుల ఎత్తులో పని ముగుస్తుంది. పొట్టి బాడీలో ఐదు దొంతరలు నిండి, మిగిలిన రెండు టిక్కీలు ఆరో దొంతర మీద గోపురంలా కూర్చుంటాయి, అంటే ఏడున్నర అడుగులు. బరువు రెండింటిలోనూ ఒకటే. పొట్టి బాడీ బండి మాత్రం సర్వీసు రోడ్డు నుంచి హైవే ఎక్కే మలుపులో ఒక పక్కకు ఒరుగుతుంది. బరువు ఎంత పైన ఉంటే బండి అంత తేలిగ్గా తిరగబడుతుంది కనుక, తేలికైన, చోటు తినే సరుకుకు పొడవు అనేది సౌకర్యం కాదు, భద్రత.

ప్లైవుడ్ ఈ రెండింటికీ మధ్యస్థం. 18 మిల్లీమీటర్ల షీటు ఒక్కొక్కటి 30 నుంచి 40 కిలోలు తూగుతుంది, 40 షీట్ల కట్ట ఎత్తు 72 సెంటీమీటర్లే అవుతుంది. ఇక్కడ నిర్ణయం బరువూ చేయదు, ఎత్తూ చేయదు. 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు అనే షీటు కొలతే చేస్తుంది.

బాడీ పొడవు: టేపు మీ చేతిలోనే ఉండాలి

కరపత్రంలో ముద్రించిన కొలత బయటిదో లోపలిదో తేల్చుకోకుండా ముందుకు పోవద్దు. డాలా రేకు మందం, ముందు గోడ, వెనుక డోరు గొళ్ళేల బందాలు, ఇవన్నీ తలా కొంత తింటాయి. 10 అడుగులంటే 3048 మిల్లీమీటర్లు. అంటే 3050 బాడీలో 10 అడుగుల వస్తువుకు మిగిలే సందు 2 మిల్లీమీటర్లు. 3 మీటర్ల పీవీసీ పైపయితే 5 సెంటీమీటర్ల వెసులుబాటు ఉంటుంది, కానీ పైపు చివర సాకెట్ ఉబ్బు ఆ 3 మీటర్లలోనే కలిసి ఉందో, దానికి అదనమో మీరే కొలిచి చూసుకోవాలి. 6 మీటర్ల పైపులు, 12 మీటర్ల ఇనుప ఊచలు ఏ పికప్‌కూ చెందినవి కావు. క్యాబిన్ నెత్తి మీదుగా వాల్చి కట్టే అలవాటు మన రోడ్ల మీద ఎంత మామూలుగా కనిపించినా, ఆ లెక్కతో బండి కొనకూడదు.

పొడవు తరువాత చూడవలసింది చక్రాల గూళ్ళు. మన సరుకు పికప్‌లలో చాలావాటికి బాడీ నేల చక్రాలకు పైగా, బల్లపరుపుగా ఉంటుంది. అందువల్ల 1700 వెడల్పు మొత్తం మీదే, 1220 (4 అడుగుల) వెడల్పున్న షీటు పరిచాక కూడా పక్కన అడుగున్నర మిగులుతుంది. దీనికి మీరు చెల్లించేది ఎత్తు: హమాలీ సరుకును నడుము దాటించి పైకి లేపాలి. కారు పోలికలున్న డబుల్ క్యాబ్ పికప్‌లలో నేల కిందికి దిగుతుంది, కానీ చక్రాల గూళ్ళు రెండు పక్కల నుంచీ లోపలికి చొచ్చుకొస్తాయి. ఆ రెండు గూళ్ళ నడుమ కొలత 1220 కంటే తక్కువైతే షీటు నేల మీద పడుకోదు, గూళ్ళ మీద వంతెనలా నిలుస్తుంది. అమెరికా బరువు పికప్‌లలో ఈ నడిమి కొలతను 4 అడుగులకు పైనే ఉంచుతారు. అక్కడా ప్లైవుడ్ షీటు 8 అడుగులకు 4 అడుగులే కదా.

నా మొదటి బండి కథ ఇక్కడిదే. షాపులో పనిచేసే నలుగురినీ వెంట తీసుకుపోవచ్చన్న ఆశతో డబుల్ క్యాబ్ తీసుకున్నాను. అమ్మినాయన "షీట్లు కాస్త బయటికి వస్తాయి, తాడు కడితే చాలు సార్" అన్నాడు. ఆ కాస్త అనేది 3 అడుగులు. వెనుక డోరు దించి, దాని గొలుసుల మీద షీట్లు ఆనించి, తెనాలి వైపు ఒక ఇంటికి 14 షీట్లు పంపాను. ప్రతి స్పీడు బ్రేకరు దగ్గరా తోక లేచి పడింది. ఇంటాయన షీట్లు దింపించి, ఒక్కొక్క మూల మీదా బొటనవేలు రాసుకుంటూ వెళ్ళి, మూలలు పొరలు విచ్చిన నాలుగింటిని మాట్లాడకుండా గోడకు ఆనించి పెట్టాడు. ఆ నాలుగూ తిరిగి మా గోడౌనుకే వచ్చాయి. అలా ఆ ఏడాదిలో ఎన్ని వచ్చాయో లెక్క రాసుకోలేదు, రాసుకుని ఉంటే బండిని ఇంకా ముందే అమ్మేవాణ్ణి.

చట్టం సంగతి కూడా ఇదే చోట. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం, సరుకు బాడీ పక్కలకు గాని, ముందుకు గాని, వెనుకకు గాని పొడుచుకు వస్తే, లేక అనుమతించిన ఎత్తు దాటితే, 194వ సెక్షన్ కింద 20,000 రూపాయల జరిమానా, పైగా ఆ సరుకు దించే ఖర్చు యజమానిదే.

బరువు: ఆర్‌సీలో ఉన్న అంకె, నిజంగా మోసే అంకె

పాసింగ్ 1300 అని చెప్పగానే 1300 కిలోల సరుకు వేయవచ్చని అందరూ అనుకుంటారు. ఆర్‌సీలో రెండు అంకెలుంటాయి: ఖాళీ బండి బరువు, లోడుతో కలిపి ఉండదగ్గ మొత్తం బరువు. వీటి తేడాయే పాసింగ్. డ్రైవరు, సహాయకుడు, పట్టా, మోకులు, అడుగున వేసే చెక్కలు, ఇవన్నీ ఆ తేడాలోంచే పోవాలి. మనిషికి 70 కిలోల చొప్పున ఇద్దరు, సరంజామా 40 కిలోలు అనుకుంటే 180 పోయి 1120 మిగులుతుంది. పైన లెక్క వేసిన 32 టిక్కీలు కాగితం మీదివి, రోడ్డు మీదివి 27.

బాడీ మార్చినప్పుడు ఈ అంకె ఇంకా కరిగిపోతుంది. కంపెనీ బాడీ వద్దని, క్యాబిన్ చాసిస్ మాత్రమే కొని ఆటోనగర్‌లో బాడీ కట్టించుకోవడం మన ప్రాంతంలో పాత ఆచారం. మంచి పనివాళ్ళున్నారు, సందేహం లేదు. అయితే మొత్తం బరువు హద్దు కంపెనీ ఖాయం చేసినది, అది కదలదు. మీరు కట్టించిన కంటైనర్ బాడీ కంపెనీ బాడీ కంటే 250 కిలోలు ఎక్కువ తూగితే, ఆ 250 ప్రతి ట్రిప్పులోనూ సరుకు నుంచి తగ్గించవలసిందే. అందుచేత బాడీ కట్టేవారితో ఒప్పందం రేకు మందం మీద, రంగు మీద మాత్రమే కాక, పూర్తయిన బాడీ బరువు మీద కూడా కుదుర్చుకోండి. బట్టలు, మందులు వంటి తడి తగలకూడని సరుకులకు కంటైనర్ తప్పదు. కూరగాయలకు, మామిడికి గాలి ఆడే జాలీ డాలాలు చాలు, నున్న మార్కెట్‌కు కాయ తోలేవారికి ఇది కొత్తగా చెప్పనక్కర్లేదు.

బరువు ఎంచుకునేటప్పుడు 3000 కిలోల గీతను గుర్తుంచుకోవాలి. చట్టం 66వ సెక్షన్ ప్రకారం, మొత్తం బరువు 3000 కిలోలు దాటని సరుకు బండికి పర్మిట్ అవసరం లేదు. చిన్న పికప్‌లలో చాలావాటి మొత్తం బరువు ఈ గీతకు కాస్త కిందనే ఆగిపోవడానికి కారణం ఇదే. 2 టన్నుల బండికి వెళితే పర్మిట్ కాగితం, దాని రెన్యువలు మీ పనుల జాబితాలో చేరతాయి. లైసెన్సు విషయంలో మాత్రం ఇబ్బంది లేదు: మొత్తం బరువు 7500 కిలోల లోపు సరుకు బండిని మామూలు ఎల్‌ఎంవీ (తేలిక వాహనాల) లైసెన్సుతో నడపవచ్చని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరులో తేల్చింది.

ఇక కమాను పట్టీలు అదనంగా వేయించి "ఇప్పుడిది రెండు టన్నులకు ఆగుతుంది" అనే మాట. ఆగుతుంది కూడా. కానీ పట్టీ వేసినంత మాత్రాన బ్రేకులు పెరగవు, ఆర్‌సీలో అంకె పెరగదు. హద్దు మీరిన బరువుకు 20,000 రూపాయలు, ఆపై అదనపు ప్రతి టన్నుకు 2,000 రూపాయలు అని చట్టం చెబుతోంది. నెలలో సగం ట్రిప్పులు హద్దు దాటుతున్నాయంటే మీరు కొనవలసింది పట్టీలు కాదు, పై సైజు బండి.

క్యాబిన్: ఎవరు కూర్చుంటారు, ఎన్ని గంటలు

ఇప్పుడు క్యాబిన్ దగ్గరికి రావచ్చు. డబుల్ క్యాబ్‌కు న్యాయమైన కారణం ఒకటుంది: సరుకుతో పాటు మనుషులు కూడా రోజూ పోవాలి, సరుకు పొట్టిది. కరెంటు పనివాళ్ళు, బోరు మోటార్లు బాగుచేసేవారు, లిఫ్టులు బిగించేవారు, టవర్ల మరమ్మతు బృందాలు ఈ కోవలోకి వస్తారు. వాళ్ళ పెట్టెలు, కేబుల్ చుట్టలు 5 అడుగుల బాడీలో హాయిగా సర్దుకుంటాయి, నలుగురు మనుషులు సీట్లో బెల్టుతో కూర్చుంటారు. సింగిల్ క్యాబ్ కొని ఆ నలుగురినీ బాడీలో ఎక్కించడం కంటే ఇది వెయ్యి రెట్లు మేలు. సరుకు బండిలో సరుకు యజమానికి, అతని ప్రతినిధికి బీమా రక్షణ ఉంటుంది గాని, బాడీలో ఎక్కిన కూలీలు ఆ లెక్కలోకి వస్తారని నమ్ముకోవద్దు. మిరప కోతల కాలంలో పొద్దున్నే కనబడే దృశ్యం తలచుకుంటే ఈ మాట ఇంకా గట్టిగా చెప్పాలనిపిస్తుంది.

కానీ ఐదుగురు ఎక్కితే 350 కిలోలు పాసింగ్‌లోంచి పోయాయని మరవకండి. ఇంకొక చిక్కు కంటికి కనబడదు. డబుల్ క్యాబ్‌లో బాడీ బాగా వెనక్కి జరుగుతుంది కనుక, సరుకు బరువంతా వెనుక ఇరుసు మీద, కొంత దాని వెనుక కూడా పడుతుంది. తూకం బల్లలో ఒక పక్క దిగితే రెండో పక్క లేచినట్టు, ముందు చక్రాలు తేలికపడతాయి, స్టీరింగు చేతికి దూదిలా తగులుతుంది. సింగిల్ క్యాబ్ పొడుగు బాడీలో బరువును క్యాబిన్ గోడకు ఆనించి మొదలుపెట్టి వెనక్కి పేర్చుకుంటూ రావచ్చు, బరువు రెండు ఇరుసులకూ పంచబడుతుంది. బాడీ పొడిగించాలన్న మోజు ఉన్నవారు కూడా ఇదే సూత్రం గమనించాలి. వెనుక ఇరుసు దాటి వేలాడే భాగం వీల్ బేస్‌లో (ముందు, వెనుక ఇరుసుల మధ్య దూరంలో) 60 శాతం మించకూడదని కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు చెబుతున్నాయి.

మనిషి, అతని తోడు మాత్రమే వెళ్ళే బండికి సింగిల్ క్యాబే సరి. అక్కడ మిగిలిన డబ్బుతో ఏసీ తీసుకోండి. మొత్తం బరువు 3.5 టన్నులు దాటే సరుకు బండ్లలో, 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యేవాటికి ఏసీ క్యాబిన్ తప్పనిసరి అయింది. అంతకు లోపలి బండ్లలో మీరు అడిగి తీసుకోవాలి. మే నెలలో మధ్యాహ్నం రెండింటికి కాజ టోల్‌గేటు వరుసలో నిలబడ్డ డ్రైవరును అడిగితే ఇది విలాసమో కాదో చెబుతాడు. సీటు వెనక్కి ఎంత జరుగుతుందో కూడా పొడుగాటి మనిషిని కూర్చోబెట్టి చూడండి.

డబుల్ క్యాబ్ తీసుకునేవారు అది సరుకు బండిగా పసుపు బోర్డుతో రిజిస్టరు అవుతుందో, సొంత వాడకం బండిగా తెల్ల బోర్డుతోనో అడ్వాన్సు ఇవ్వక ముందే రాతపూర్వకంగా తీసుకోవాలి. తెల్ల బోర్డు బండితో కిరాయి సరుకు తోలడం కుదరదు.

మీ సందులోకి తీసుకుపోండి

షోరూము ముందు నాలుగు వరుసల రోడ్డు మీద ట్రయల్ వేసి లాభం లేదు. విజయవాడలో వన్‌టౌన్ కాళేశ్వరరావు మార్కెట్ చుట్టుపక్కల సందులు గాని, గుంటూరులో అరండల్‌పేట లైన్లు గాని మీ రోజువారీ దారి అయితే, పొద్దున పది తరువాత ఆ దారిలోనే తిప్పి చూపించమనండి. పొడుగు బాడీ బండికి వీల్ బేస్ పెద్దది, ఒక్క తిప్పులో మలుపు తిరగకుండా రెండుసార్లు వెనక్కి తీయాల్సి వస్తే, రోజుకు ఎనిమిది డెలివరీలున్నవారికి అది గంట పని. అలాంటి చోట 10 అడుగుల బండి ఒకటి కంటే 8 అడుగుల బండి రెండు ట్రిప్పులు తొందరగా ముగించవచ్చు. గొల్లపూడి హోల్‌సేల్ కాంప్లెక్స్ నుంచి ఊరి బయటికి తోలేవారికి ఈ బాధ లేదు, వాళ్ళు పొడుగు బాడీనే తీసుకోవాలి. గుంటూరు మూడు వంతెనల వంటి రైలు కట్ట కింది దారులు మీ బాటలో ఉంటే, నేల నుంచి బాడీ నేల ఎత్తు, దాని మీద దొంతరల ఎత్తు కలిపి చూసుకోండి.

అన్నీ కుదిరాక, బుక్ చేసే ముందు, మీ సరుకునే రెండు నమూనాలు తీసుకెళ్ళండి. నేను రెండోసారి ఒక షీటునూ, ఒక 3 మీటర్ల పైపునూ ట్రాలీ ఆటోలో వేసుకుని షోరూముకు వెళ్ళాను. అక్కడి కుర్రాళ్ళు ముసిముసిగా నవ్వుకున్నారు. షీటు నేల మీద చదునుగా పడుకుంది. పైపు పెట్టి వెనుక డోరు మూస్తే గొళ్ళెం పడలేదు. ముందు గోడకు లోపలి వైపు అడ్డంగా వెల్డు చేసిన ఒక పట్టీ ఉంది, కరపత్రంలోని కొలత ఆ పట్టీని లెక్కలోకి తీసుకోలేదు. పైపును ఆ పట్టీ కిందుగా జరిపితే గొళ్ళెం పడింది. ఆ పూట నేను అడిగిన మార్పు ఒక్కటే, ఆ పట్టీని నాలుగు అంగుళాలు పైకి ఎత్తి వెల్డు చేయించి ఇవ్వమని. ప్రొఫార్మా కాగితం మీద రాయించుకున్నాను.

డెలివరీ రోజున బండిని నేరుగా ఇంటికి కాక కాటాకు తోలండి. డీజిలు నిండుగా, స్టెప్నీ, జాకీ లోపల ఉండగా ఖాళీ బరువు తూకం వేయించి, ఆ చీటీని ఆర్‌సీ నకలుతో కలిపి డ్యాష్‌బోర్డు అరలో పెట్టండి. బయట కట్టించిన బాడీ అయితే, బాడీ వాళ్ళకు చివరి వాయిదా ఇచ్చేది ఆ చీటీ చూశాకే.